పుచ్చిన దూలం, చివికిన స్తంభం: గోదావరి డెల్టా పాత ఇళ్ళ మరమ్మతుపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కాలువ గట్టు పక్కన మాదొక మండువా లోగిలి, అంటే నడుమ కప్పు లేని మండువా, దాని చుట్టూ నాలుగు వైపులా పెంకు కప్పిన గదులు ఉన్న ఇల్లు. మా తాతగారి నాన్నగారు కట్టించింది. పదకొండు వేసవుల నుంచి ఒక్కో మూల చొప్పున దాన్ని బాగుచేయించుకుంటున్నాం. ఈ పనిలో మాకు తగిలిన దెబ్బలు, మా వడ్రంగి మేస్త్రి గారి దగ్గర నేర్చుకున్న సంగతులు కలిపి ఇక్కడ రాస్తున్నాను. అమలాపురం, పాలకొల్లు, రాజోలు వైపు చుట్టాలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

దూలం పుచ్చిందన్నారు. ఇల్లు పడగొట్టాల్సిందేనా?

చాలావరకు అక్కర్లేదు. పద్నాలుగు అడుగుల టేకు దూలం పుచ్చిందంటే మామూలుగా గోడలో దూరి ఉన్న అడుగు, అడుగున్నర మేర పోయి ఉంటుంది. మిగతాదంతా చేవే, అంటే ముదిరిన గట్టి కర్రే. బాడిశతో కాస్త చెక్కి చూడండి, ఇన్నేళ్ళ తర్వాత కూడా టేకు వాసన వస్తుంది. పుచ్చిన కొస కోసేసి, మంచి కర్ర అతికి, నీరు రాకుండా చూసుకుంటే ఆ దూలం మళ్ళీ బరువు మోస్తుంది. మా ఇంటికి వచ్చి చూసిన ముగ్గురు మేస్త్రిలు పడగొట్టి స్లాబు వేసుకోమన్నారు. ముగ్గురిలో ఒక్కరు కూడా అటక ఎక్కలేదు. నాలుగో ఆయన టార్చిలైటు, పొడుగాటి స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చి, ఏమీ మాట్లాడకుండా రెండు గంటలు పైనే ఉన్నారు. ఇప్పటికీ మా పని ఆయనే చేస్తున్నారు.

వందేళ్ళు బాగున్న కర్ర ఇప్పుడే ఎందుకు పుచ్చుతోంది?

దీనికి జవాబు తెలిస్తే మిగతా పనంతా సగం అయినట్టే.

కర్రను తినేది బూజు జాతి. దానికి తేమ కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపే ఉంటే అది పెరగలేదు. దాదాపు 28, 30 శాతం దాటి అలాగే ఉండిపోతే కర్ర లోపల్నుంచి మెత్తబడుతుంది. మన వెచ్చని గాలి దానికి బాగా సరిపోతుంది. వానలో తడిసి రెండు రోజుల్లో ఆరిపోయే కర్రకు ఏమీ కాదు. తడిసి ఆరని కర్ర పుచ్చుతుంది. పాత ఇళ్ళు కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే స్తంభం కింద రాయి పెట్టారు, గోడలకు సున్నం పూశారు, చూరు ముందుకు దింపారు. ఏ కర్ర తడిసినా ఆరడానికి దారి ఉంచారు.

ఆ దారులు మన తరంలో మూసుకుపోయాయి. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు. మా వీధి అరుగు నేను చిన్నప్పుడు నాలుగు మెట్ల ఎత్తున ఉండేది, ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. వాననీరు బయటికి పోవాల్సింది పోయి లోపలికి చూస్తోంది. దానికి తోడు మండువాలో ఎత్తు పెంచి టైల్స్ వేస్తే స్తంభం కింది రాయి పూడిపోయి, కర్ర నేరుగా చెమ్మలో నిలబడుతుంది. డెల్టాలో వానాకాలం నేల తడి పైపైనే ఉంటుంది. నాలుగడుగులు తవ్వితే నీరు పడే ఊళ్ళున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది సిమెంటు. సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే చెమ్మ బయటికి రాలేదు. లోపలే పైకి పాకి, దూలం కొస ఉన్న గూటి దాకా వెళుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. చెమ్మ కొడుతోందని ఒక కాంట్రాక్టరు సలహాతో పడమటి గోడకు రెండు వైపులా సిమెంటు పూయించాం. గోడ అందంగా తయారైంది. ఆరేళ్ళు తిరక్కుండా ఆ గోడలో ఉన్న మూడు దూలాల కొసలూ పోయాయి. తూర్పు గోడకు డబ్బు చాలక సున్నమే ఉంచేశాం. అటు కొసలు ఈ రోజుకీ గట్టిగా ఉన్నాయి.

నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఎలా కనిపెట్టాలి?

పెద్ద వాన కురుస్తున్నప్పుడు అటక ఎక్కండి. కరెంటు మెయిన్ ఆపి, టార్చి పట్టుకుని, ఒక సుద్దముక్క జేబులో పెట్టుకుని వెళ్ళండి. తడి కనిపించిన ప్రతి వాసం మీద గుర్తు పెట్టండి. నీరు కారిన చోటే పెంకు పగిలి ఉండాలని లేదు. పైన ఎక్కడో పడ్డ చుక్క వాసం వెంట పాక్కుంటూ వచ్చి గోడ దగ్గర దిగుతుంది. తడి జాడ పట్టుకుని పైకి వెళ్ళాలి.

కింద నుంచి వచ్చే చెమ్మ వేరు. అది గోడ అడుగున మొదలై మూడు నాలుగడుగుల ఎత్తులో ఆగుతుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది. మూడో రకం చాలామందికి తట్టదు. పాత గదిని బాత్రూమ్ చేసుకున్నవాళ్ళు, గోడలో పైపులు దింపినవాళ్ళు, చూరు మీద ఏసీ నీరు పడేలా వదిలేసినవాళ్ళు ముందు అక్కడ చూసుకోవాలి.

నీటి దారి కట్టెయ్యకుండా కర్ర మార్చొద్దు. కొత్త టేకు తెచ్చి అదే తడి గూట్లో పెడితే దానికీ అదే గతి పడుతుంది.

ఇది పుచ్చా, చెదలా, పురుగా?

మూడింటికీ జాడలు వేరు, మందులూ వేరు.

పుచ్చిన కర్ర రంగు మారుతుంది. గోధుమరంగులో చదరపు ముక్కలుగా పగులుతుంది, లేదా తెల్లబడి పీచుపీచుగా వస్తుంది. గోరుతో నొక్కితే దిగుతుంది. చెదలైతే గోడ మీదో స్తంభం మీదో మట్టి సొరంగాలు కనిపిస్తాయి. పైన రంగు, పాలిష్ అంతా బాగుండి లోపల పొరలు పొరలుగా ఖాళీ అవుతుంది. పురుగైతే కర్ర నిండా సన్నని బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి. పిండి పురుగు ఎక్కువగా తెల్ల చెక్కనే (చేవ చుట్టూ ఉండే లేత కర్ర) తింటుంది, చేవ జోలికి పోదు. టేకు స్తంభానికి పైన అరంగుళం తెల్ల చెక్క పొడిరాలుతుంటే టెన్షన్ పడకండి, లోపల చేవ ఉందేమో చూడండి.

చెదలూ పుచ్చూ కలిసి రావడం మన దగ్గర మామూలే. తడిసి మెత్తబడ్డ కర్ర వాటికి సులువు.

ఎంత మేర పోయిందో కచ్చితంగా తెలియాలంటే?

సుత్తితో తట్టండి. గట్టి కర్ర ఠంగుమంటుంది, గుల్లబారింది బుడబుడమంటుంది. తర్వాత స్క్రూడ్రైవరు కొనతో అడుగడుక్కీ గుచ్చండి. పావు అంగుళం కంటే ఎక్కువ లోతుకు సులువుగా దిగిన చోటల్లా సుద్దతో గీయండి. పెద్ద దూలానికి సన్నని బర్మాతో (బెజ్జం తొలిచే పనిముట్టు) పక్క నుంచి ఒక బెజ్జం వేసి, వచ్చే రజను (కర్ర పొట్టు) చూస్తే లోపలి సంగతి తెలిసిపోతుంది. గట్టి కర్ర రజను పొడిగా, చుట్టలు చుట్టలుగా వస్తుంది. పుచ్చింది నల్లగా, ముద్దగా వస్తుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఉంటే మంచిది.

గోడలోకి వెళ్ళిన కొస బయటికి కనిపించదు కదా అని వదిలేయకండి. దూలం చుట్టూ పూత కొంచెం కొట్టించి చూడాల్సిందే.

వడ్రంగి దొరికేసరికి నెల పట్టేలా ఉంది. ఈలోగా ఏం చేయాలి?

పోట్లు పెట్టండి, అంటే దూలానికి కింద నుంచి ఊతమిచ్చే నిలువు కర్రలు. సరుగుడు బాదులు చాలు, మన తీరంలో ఎక్కడైనా దొరుకుతాయి. ఇనుప జాకీ పైపులు అద్దెకు దొరికితే ఇంకా నయం. పోటును వట్టి నేల మీద నిలబెట్టకండి, మన డెల్టా మట్టిలో దిగిపోతుంది. కింద రెండడుగుల పొడవున్న మందపాటి పలక వేసి, దాని మీద నిలబెట్టండి. పైన కూడా దూలానికీ పోటుకూ మధ్య ఒక చెక్క ఉంచి, రెండు ఆప్పులు (ఒక కొస పలచగా ఏటవాలుగా చెక్కిన ముక్కలు) ఎదురెదురుగా కొట్టి బిగించండి. దూలాన్ని పైకి ఎత్తడం ఇప్పుడు పని కాదు. బరువు పోటు మీదికి వచ్చి, ఆప్పు కదలకుండా అయితే చాలు. పుచ్చిన చోట కింద పోటు పెట్టొద్దు, గట్టి కర్ర మొదలైన చోట పెట్టాలి.

గది ఖాళీ చేయండి. పిల్లలను అటు వెళ్ళనివ్వకండి. పైన పాలిథీన్ పట్టా పరిచి వాన ఆపండి. పట్టాతో కర్రను చుట్టేస్తే మాత్రం లోపల ఉడికి పుచ్చు పెరుగుతుంది.

మండువాలో స్తంభం అడుగు చివికిపోయింది. స్తంభం మొత్తం మార్చాలా?

వద్దు. అన్నిట్లోకీ సులువుగా బాగయ్యేది ఇదే. స్తంభం పక్కన రెండు పోట్లతో పైబరువు ఎత్తిపట్టి, పుచ్చిన అడుగు భాగాన్ని, దాని పైన ఇంకో రెండు మూడంగుళాల గట్టి కర్రతో సహా అడ్డంగా, సమంగా కోసేయాలి. తర్వాత రెండు దారులున్నాయి.

ఒకటి, కోసిన మేరకు రాయి ఎత్తు పెంచడం. నల్లరాతి దిమ్మ చెక్కించి, మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ చువ్వ దించి, స్తంభం అడుగున బెజ్జం వేసి కూర్చోబెట్టాలి. నేల ఎత్తు పెరిగిన ఇళ్ళకు ఇదే మంచిది. రాయి తల కొత్త నేల మీద కనీసం ఆరంగుళాలు పైకి కనిపించాలి. రాయికీ కర్రకూ మధ్య సీసపు రేకు ముక్క వేస్తే చెమ్మ పైకి పాకదు. రాయి తల కొంచెం వాలుగా ఉంటే నీరు నిలవదు.

రెండోది, అదే జాతి కర్రతో కొత్త కాలు అతకడం. చెక్కడం పని ఉన్న స్తంభానికి, ఎత్తు మారితే అందం చెడే చోట ఇది చేస్తారు. కుసి (ఒక ముక్కలో నాలుకలా చెక్కిన కొస), తొలి (అది దూరే బెజ్జం) పెట్టి, చీలలతో బిగించాలి. మా మేస్త్రి గారు చీలలకు నల్లతుమ్మ కర్ర వాడతారు. బాగా ఎండిన తుమ్మ చీల గట్టిగా పట్టి ఉంటుంది.

స్తంభం అడుగున సిమెంటు కాంక్రీటు గుండ్రంగా పోసేవాళ్ళున్నారు. అది నీళ్ళు నింపిన చెంబులో కర్ర నిలబెట్టినట్టే. దయచేసి అలా చేయించకండి.

గోడలో ఉన్న దూలం కొస పుచ్చింది. ఎలా అతకాలి?

ఇది నేర్పున్న వడ్రంగి చేయాల్సిన పని, ఇంటాయన దగ్గరుండి చూసుకోవాల్సిన పని. వరస ఇలా ఉంటుంది.

ముందు ఆ దూలం మీద పడుతున్న పెంకులు దించి బరువు తగ్గించాలి. దూలానికి గట్టి చోట పోట్లు పెట్టాలి. గోడలో గూడు చుట్టూ ఇటుకలు జాగ్రత్తగా విప్పి కొస బయటపెట్టాలి. పుచ్చు కనిపించిన చోటు నుంచి ఇంకో అడుగు లోపలికి వెళ్ళి కోయాలి, ఎందుకంటే కంటికి గట్టిగా కనిపించే కర్రలోకి కూడా బూజు దారాలు పాకి ఉంటాయి. తర్వాత ఏటవాలు అతుకు. దూలం ఎత్తు ఎనిమిది అంగుళాలుంటే అతుకు పొడవు రెండు నుంచి రెండున్నర అడుగులు ఉండాలని మా మేస్త్రి గారి లెక్క, అంటే ఎత్తుకు మూడు నాలుగింతలు. ఊరికే మేకులు కొట్టి వదిలే అతుకు ఇది కాదు. రెండు వైపులా మందపాటి పలకలు గానీ ఇనుప చానళ్ళు గానీ పెట్టి, ఆరపార బోల్టులతో బిగించాలి. బోల్టు కింద వాషరు పెద్దది ఉండాలి, లేకపోతే కర్రలోకి దిగబడుతుంది. తీరానికి దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి మామూలు బోల్టు తుప్పు పట్టి కర్రను కూడా నల్లబరుస్తుంది. స్టెయిన్‌లెస్ వాడండి, ఖర్చు ఎక్కువే అయినా ఒక్కసారే.

కొస దగ్గర అతుకు పరవాలేదు, అక్కడ దూలానికి వంపు తక్కువ. నడిమధ్యన అతుకు మాత్రం ఇంజనీరు చూడకుండా వేయించకండి.

తిరిగి గూట్లో కూర్చోబెట్టేటప్పుడు చాలామంది తప్పు చేస్తారు. కొస కింద రాతి పలక వేయాలి. రెండు పక్కలా, కొస వెనకా అరంగుళం నుంచి అంగుళం ఖాళీ వదలాలి. ఆ ఖాళీని సిమెంటుతో కూరొద్దు. ఎలకలు దూరకుండా సన్నని స్టీలు జాలీ పెట్టుకోండి. మా తూర్పు గోడలో పాతవాళ్ళు వదిలిన సందు ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు పిచ్చుకలు అందులో గూడు పెట్టేవి. మేం దాన్ని పనిలోపం అనుకునేవాళ్ళం.

మండువా నాలుగు మూలలే ఎందుకు ముందు పోతాయి?

రెండు వైపుల పెంకు వాలులు అక్కడ కలుస్తాయి. ఇంటి మీద పడ్డ వానలో పెద్ద వాటా ఆ నాలుగు మూలల్లోంచే మండువాలోకి దూకుతుంది. అక్కడ రేకు తుప్పు పట్టినా, కొబ్బరి మట్టలు, ఆకులు అడ్డుపడినా నీరు పొంగి పక్క వాసాల్లోకి వెళుతుంది. మూల వాసం ఒక్కటి పోతే దాని మీద ఆనిన చిన్న వాసాలన్నీ కుంగుతాయి. రేకు వెడల్పుగా ఉండాలి, అంచులు పైకి మడిచి ఉండాలి, ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయాలి. మూల వాసం మార్చాల్సి వస్తే అతుకు పెట్టకుండా మొత్తం ఒకే కర్ర వేయండి.

వంగిన దూలాన్ని జాకీతో తిన్నగా చేయొచ్చా?

పూర్తిగా చేయాలని చూడకండి. దశాబ్దాలుగా బరువు మోసి వంగిన కర్ర ఆ వంపులోనే స్థిరపడిపోతుంది. ఒక్కసారిగా లేపితే అతుకులు విడిపోతాయి, గోడ పగులుతుంది, పెంకులు జారతాయి. కొస కుంగడం వల్ల దిగిన దూలాన్ని మాత్రం మెల్లగా లేపొచ్చు. రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. జాకీ పావు చుట్టు తిప్పి, ఆగి, వినాలి. కర్ర కిర్రుమంటే ఆ రోజుకు చాలించాలి. మా పడమటి దూలం అంగుళంన్నర లేపడానికి మూడు వారాలు పట్టింది. ఇంకా అరంగుళం వంపు ఉంది. అలాగే వదిలేశాం.

ఏ కర్ర వాడాలి? మా తోటలో కొబ్బరి చెట్లున్నాయి, పనికొస్తాయా?

ఉన్న కర్ర ఏదో అదే జాతి వాడటం మొదటి నియమం. రెండు రకాల కర్రలు తేమకు రెండు రకాలుగా ఉబ్బుతాయి, అతుకు విడుస్తుంది.

మన పాత ఇళ్ళలో టేకు ఎక్కువ. పాపికొండల అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా దిగిన కర్ర అది. కొన్ని పెద్ద లోగిళ్ళలో బర్మా టేకు ఉంటుంది, కోరంగి, కాకినాడ రేవులకు ఆ దేశంతో వ్యాపారం ఉన్న కాలం నాటిది. నల్లమద్ది, వేగిస, వేప కూడా కనిపిస్తాయి. వాసాలకు తాటి ఎక్కువ.

నా సలహా పాత కలప. కూల్చిన ఇళ్ళ దూలాలు అమ్మే అడితీలు మన పట్నాల్లో ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు ఆరిన కర్ర కాబట్టి ఇక మెలి తిరగదు. కొనేముందు మేకుల జాడలు, పురుగు బెజ్జాలు చూసుకోండి. కొత్త టేకు కొంటే బాగా ఆరిందే తీసుకోండి, చేవ ఎక్కువున్నది చూడండి, బిల్లు అడిగి దాచుకోండి. మీ చేలోని టేకు చెట్టు కొట్టించాలన్నా అటవీ శాఖ అనుమతి, తరలించడానికి పత్రం కావాలి. ముందే తీసుకోండి.

తాటి వాసానికి చేవ పైపెంకులో ఉంటుంది, లోపలి గుజ్జు మెత్తన. ముదిరిన చెట్టు అడుగు భాగమే పనికొస్తుంది, లోపలి మెత్తనంతా చెక్కేయాలి. కొబ్బరి కూడా అంతే, బయటి అంచు, మొదలు గట్టి. అయితే కొబ్బరి తడికి తట్టుకోలేదు. బాగా ముదిరిన చెట్టు కర్రను మందు పట్టించి, పొడిగా ఉండే నడి గది వాసాలకు వాడొచ్చు. చూరు దగ్గర, నేల దగ్గర, గోడలో దూరే చోట వద్దు.

ఎపాక్సీ (గట్టిపడే రసాయన జిగురు) పోస్తే సరిపోతుందట కదా?

చిన్న తొర్రలకు, ద్వారబంధం చెక్కడంలో పోయిన ముక్కలకు సరే. కర్ర పూర్తిగా ఆరి ఉండాలి, పుచ్చంతా గీకేసి ఉండాలి. బరువు మోసే దూలానికి కొస లేకుండా పోతే దాన్ని ఒట్టి ఎపాక్సీతో నింపడం నమ్మదగ్గ పని కాదు. పైగా తడి కర్ర మీద పోస్తే తడి లోపలే ఉండిపోతుంది.

మందులేం కొట్టాలి? వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే మంచిదా?

ఇంజన్ ఆయిల్ వద్దు. లోపలికి దిగదు, కంపు కొడుతుంది, నిప్పు త్వరగా అంటుకుంటుంది, ఆ తర్వాత ఏ మందూ కర్రలోకి పోదు.

ఇంటి లోపలి కర్రలకు బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు మంచివి. ఒక పాలు బోరిక్ ఆసిడ్‌కు ఒకటిన్నర పాలు బోరాక్స్. రెండూ కలిపి రెండున్నర కిలోలు, యాభై లీటర్ల వేడినీళ్ళలో కరిగించి, కొత్త ముక్కలను రెండు మూడు రోజులు నానబెట్టి, నీడలో ఆరనివ్వండి. పాత కర్రకు బ్రష్‌తో రెండు మూడు పూతలు పట్టించండి, కొసలకు ఇంకా ఎక్కువ. బూజుకూ పురుగుకూ రెండింటికీ పనిచేస్తుంది. వానలో మాత్రం కడుక్కుపోతుంది. చూరు కొసలకు దాని మీద నూనె పూత వేయాలి. కాచిన అవిసె నూనె చాలు. పడవలకు పూసే జీడిపిక్కల నూనె కూడా గట్టిదే, కానీ ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

చెదలకు కర్ర మీద మందు ఒక్కటే చాలదు, నేలలో కొట్టాలి. కట్టేసిన ఇళ్ళకు ఆ పని ఎలా చేయాలో భారత ప్రమాణం 6313 మూడో భాగంలో ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ళతో చేయించండి. మన ఇళ్ళలో బావి పెరట్లోనే ఉంటుంది, ఆ మాట వాళ్ళకు ముందే చెప్పండి.

పాత తలుపుల రంగులో సీసం ఉండొచ్చు. పొడి సాండ్‌పేపరు కొట్టొద్దు. తడిపి గీకండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఇప్పటికే సిమెంటు పూత ఉంది. ఏం చేయాలి?

కనీసం దూలాల గూళ్ళ చుట్టూ, గోడ అడుగు మూడు నాలుగడుగులు కొట్టించేయండి. ఒక వేసవి గోడను అలా వదిలేసి ఆరనివ్వండి. తర్వాత సున్నం, ఇసుక కలిపి పూయించండి. గుల్ల సున్నం దొరికితే అదృష్టం. సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రిలు తగ్గిపోయారు కానీ పూర్తిగా లేకుండా పోలేదు, పాత గుళ్ళ మరమ్మతు చేసినవాళ్ళను అడగండి. పైన ప్లాస్టిక్ పెయింట్ వేయకుండా సున్నమే వేయండి.

పని ఏ కాలంలో మొదలుపెట్టాలి?

సంక్రాంతి అయ్యాక చూడటం, లెక్కలు, కర్ర సేకరణ. వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేశాక నేల తడి దిగుతుంది, గోడలు ఆరతాయి. ఏప్రిల్, మే నెలల్లో విప్పి, జూన్ తొలకరి లోపు పెంకు కప్పేయాలి. మే నెలలో కూడా తుఫాన్లు వస్తాయి, కాబట్టి ఒకేసారి ఇల్లంతా విప్పకండి. ఒక వాలు పూర్తయ్యాకే ఇంకోటి.

పెంకు దించితే మళ్ళీ దొరుకుతుందా?

నాటు గూనపెంకు కొత్తది దొరకడం కష్టం. దించేటప్పుడే గట్టివి, పగిలినవి వేరు చేసి, నీడలో నిలువుగా పేర్చండి. పదింట్లో రెండు మూడు పగులుతాయనుకుని ముందే పాత పెంకు కొని ఉంచుకోండి. గూనపెంకు తీసి మంగళూరు పెంకు వేస్తే బరువు తగ్గుతుంది, కానీ వాలు ఎంత ఉండాలో మారుతుంది, మండువా మూలల్లో కోతలు ఎక్కువవుతాయి. పెంకు మీద ఎక్కేవాళ్ళు నిచ్చెన అడ్డంగా పరిచి నడవాలి. పెంకుల కింద పాములు, తేనెపట్టులు ఉంటాయి, మొదటి వరస కర్రతో కదిపి తీయండి.

తుఫానుకు కొత్త అతుకు తట్టుకుంటుందా?

తట్టుకునేలా చేయించాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి పీకుతుంది. ఆ రాత్రి మేమంతా నడి గదిలో ఉన్నాం. దక్షిణం వాలు లేచి పడటం వినిపించింది. పొద్దున్న చూస్తే వాసాలు విరగలేదు, గోడ మీది పట్టె నుంచి ఊడి వచ్చేశాయి. వాసాన్ని పట్టెకూ, పట్టెను గోడకూ, దూలాన్ని స్తంభానికీ ఇనుప పట్టీలతో కట్టించండి. మరమ్మతు కోసం ఎలాగూ విప్పుతారు కాబట్టి అదే సమయంలో చేస్తే అదనపు ఖర్చు తక్కువ.

మా బాబాయి వాళ్ళు తమ సగం వాటా పడగొట్టారు. మా సగంలో దూలాలు గాలిలో ఉన్నాయి.

అన్నదమ్ములు పంచుకున్న లోగిళ్ళలో ఈ కష్టం చాలా ఎక్కువ. మండువా ఇల్లు నాలుగు వైపులూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే కట్టడం. ఒక వైపు తీస్తే మిగతా వైపులు అటు తోసుకొస్తాయి. కోసిన కొసలు వానకు తెరుచుకుంటాయి, గోడకు లోపలి పూత బయటి వైపుకు వస్తుంది. పడగొట్టక ముందే కూర్చుని మాట్లాడుకోండి. వాటా గీత మీద స్తంభాలు నిలబెట్టి, దూలాలను వాటి మీద కూర్చోబెట్టాకే అటువైపు కూల్చమని అడగండి. ఆ ఖర్చు ఇద్దరూ పంచుకోవడం న్యాయం. ఇప్పటికే పడగొట్టేసి ఉంటే, ఈ వారమే పోట్లు పెట్టి, కొసలకు రేకు తొడుగు వేసి, చూరు ముందుకు దింపండి.

ఇంజనీరు ఎప్పుడు కావాలి?

గోడ బయటికి ఒరిగితే, దూలం నడిమధ్య పగిలితే, పక్కపక్కనే రెండు మూడు దూలాలు పోతే, పైన మిద్దె గానీ నీళ్ళ ట్యాంకు గానీ ఉంటే, ఉమ్మడి గోడ అయితే. కర్ర కట్టడాల లెక్క తెలిసిన వ్యక్తినే వెతకండి.

ఖర్చు ఎంతవుతుంది?

ఊరిని బట్టి, కర్రను బట్టి మారేదాన్ని అంకెల్లో చెప్పను. మా అనుభవంలో కర్ర ధర కంటే పెంకు దించి ఎక్కించే కూలి, పోట్లు, గోడ పని ఎక్కువయ్యాయి. అందుకే ఒక వాలు విప్పినప్పుడు దాని కింద అనుమానంగా ఉన్నవన్నీ అప్పుడే చేయించేయండి. వడ్రంగికి గుత్తకు ఇవ్వకండి. రోజు కూలికి పెట్టుకోండి, అతుకు దగ్గర ఆయన తొందరపడకూడదు.

తీసేసిన పుచ్చు ముక్కలు పొయ్యిలో పెట్టొచ్చా?

మందు పట్టించినవి, రంగు వేసినవి పెట్టొద్దు, ఆ పొగ మంచిది కాదు. చెద పట్టినవి పెరట్లో కుప్ప వేసి ఉంచొద్దు, మళ్ళీ ఇంట్లోకే వస్తాయి. కొసల్లో మిగిలిన గట్టి చేవ ముక్కలు మాత్రం పారేయకండి. ద్వారబంధం కమ్మి అడుగు పోయినప్పుడు, చీలలు కావాల్సినప్పుడు అంతకంటే మంచి కర్ర దొరకదు. మా మేస్త్రి గారు ప్రతి ముక్క మీదా అది ఏ గదిలో ఏ దూలం నుంచి వచ్చిందో, ఏ ఏడు తీశారో పెన్సిలుతో రాసి అటక మీద పెడతారు. పోయిన వేసవిలో వంటింటి గుమ్మానికి అతికిన కాలు ఆ పడమటి దూలం ముక్కే.